కాస్త పాట ఆపండి, పాట గురించి చదువుకుంటున్నాం

పాట వినడం ఒంటికి మంచిది కాదు. ఈ మాట ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, వరసగా రెండు కప్పుల టీ తాగి మరీ అంటున్నాను. పాటను విశ్లేషించడం మాత్రం చాలా మంచిది. విశ్లేషణ వల్ల ఇంతవరకూ ఎవరికీ కన్నీళ్లు రాలేదు. ఎవరి పనీ ఆగలేదు. ఎవరి బస్సూ తప్పిపోలేదు.

అదే పాట విన్నవాడి గతి చూడండి. కూరగాయలకని బయల్దేరినవాడు ఏ గోడ పక్కనో పాట చెవిన పడితే కాళ్లు కదలక నిలబడిపోతాడు. చేతిలో సంచీ ఖాళీగానే ఉంటుంది. ఇంటికొచ్చాక ఇంతసేపూ ఎక్కడున్నావని అడిగితే నీళ్లు నములుతాడు. పాట విన్నానని చెబితే ఏ ఇల్లాలైనా నమ్ముతుందా? విశ్లేషణకు ఆ బెడద లేదు. ఫ్యాన్ వేసుకుని, కుర్చీలో కూర్చుని, పాట ఛాయలకైనా పోకుండా పని కానిచ్చేయవచ్చు.

అందుకే పాటల బారి నుంచి మనందరినీ కాపాడుతున్న ఈ మహత్తర విద్యను ఇవాళ నేను నోరారా పొగడదలుచుకున్నాను. సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మా ఇంట్లోనే ఉంది.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మా అక్క బట్టలు కుడుతుంది. వీధివైపు గదిలో, కిటికీ పక్కన, కాళ్లతో తొక్కే పాత కుట్టు మిషను ఆవిడది. దాని వెనక ఒక చెక్క పలకల అడ్డుగోడ. ఆ గోడకు ఇవతల నా బల్ల, నా కాగితాలు, నేను. మీరు వారం వారం చదివి విసుక్కునే ఈ కాలమ్ అక్కడే పుడుతుంది. మా బావ బస్సు కండక్టరు. మా మేనకోడలు కాలేజీలో సాహిత్యం చదువుతోంది. ఇంతే సంసారం.

ఈ ఏడు మేనకోడలి సిలబస్‌లో ఒక కవిత పడింది. ఎప్పటివాడో ఒక రొమాంటిక్ కవి రాసినది. రొమాంటిక్ అనేసరికి మా బావ ఆశగా పుస్తకం తెరిచాడు. అందులో గడ్డి తప్ప ఏమీ లేదని తెలిసి, మూసేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.

కవితలో కథ చిన్నది. కవిగారు గొడుగు చేతపట్టుకుని ఏదో పని మీద కొండ దారిన పోతుంటారు. దారి పక్కన మనిషెత్తు కంచె. కంచె అవతల ఎవడో గడ్డి కోస్తూ పాడుతుంటాడు. ఆ యాస సగమే అర్థమవుతుంది. మనిషి కనపడడు. కవిగారు కంచెకు ఇవతలే నిలబడి పాట ఆసాంతం విని, తాను ఏ పని మీద బయల్దేరారో మర్చిపోయి, ఇంటికి తిరిగొచ్చి ఈ కవిత రాస్తారు. ఇదీ సంగతి.

ఇంతకంటే చవట ఎక్కడైనా ఉంటాడా? నాలుగడుగులు ముందుకేసి, కంచె సందులోంచి తొంగి చూస్తే సరిపోయేది కదా! ‘నీ పేరేమిటి నాయనా? ఏమిటా పాట? ఎవరు నేర్పారు? అందులో కొడవలి దేనికి సంకేతం?’ అని నాలుగు ముక్కలు అడిగి రాసుకుని ఉంటే, తర్వాతి తరాల పిల్లలకు ఇంత శ్రమ ఉండేదా? ఊరికే నిలబడి వినడం కూడా ఒక పనేనా?

కవి చేయని పనిని గైడు చేసింది. నేను ఆ గైడు మొదటి నుంచి చివరిదాకా చదివాను. కంచె అంటే సమాజంలోని అంతరాలు. కొడవలి అంటే కాలం. గడ్డి అంటే మనమే. గాలి అంటే స్వేచ్ఛ. కవి చేతిలోని గొడుగు అంటే మధ్యతరగతి మనస్తత్వం. కంచె ఎత్తు విషయంలో ఇద్దరు వ్యాఖ్యాతలకు మాటా మాటా పెరిగి, ఎవరి పుస్తకంలో వారు ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నారు. పాట ఎలా ఉండేదన్న ఒక్క సంగతి తప్ప గైడులో లేని సంగతి లేదు. పరీక్షలో ఆ ఒక్కటీ ఎలాగూ అడగరు.

ఈ పాఠం చెప్పే లెక్చరరును పిల్లలు ప్రతీకల మాస్టారంటారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆయన పాఠంలో ఏ వస్తువూ ఆ వస్తువుగా మిగలదు. తలుపు అంటే తలుపు కాదు, కిటికీ అంటే కిటికీ కాదు. ఒకసారి క్లాసులో ఫ్యాన్ ఆగిపోతే ఎవరూ కరెంటు పోయిందనుకోలేదట. అందరూ అర్థం కోసం ఆయన ముఖం వైపు చూశారట. మనిషి మంచివాడు. పిల్లలంటే ప్రాణం పెడతాడు. చదివిన ప్రతి పంక్తీ ఎక్కడ చేజారిపోతుందోనని భయపడుతుంటాడు, అంతే.

ఇక మా ఇంట్లో మహోపకారం ఎలా మొదలైందో వినండి.

మేనకోడలు మిషను పక్కనే నేల మీద కూర్చుని గైడు బట్టీ పడుతోంది. ‘శ్రామికుని గానము ప్రకృతితో మమేకమై కవి హృదయమును కదిలించినది, శ్రామికుని గానము ప్రకృతితో మమేకమై...’ పైన మా అక్క ఎప్పటిలాగే మిషను తొక్కుతూ, పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని, పాడుకుంటోంది. ఆవిడ పాడేది ఒకటే పాట.

పొద్దు వాలె పొద్దు వాలె, గట్టు మీద ఎవరే
ఎవరో ఎవరో నాకేం తెలుసు, ఒంగి కొయ్యవే

నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి సగం అక్షరాలు బయటికి రావు. రెండో పంక్తి తర్వాత కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఇంకా చరణాలుండేవట గానీ అక్కకు గుర్తు లేవు. గుర్తు లేనిచోట ఊ కొట్టి పోతుంది.

కాసేపు చూసి మేనకోడలు తల పైకెత్తింది.

“అమ్మా, కాస్త పాట ఆపవే. ఇక్కడ పాట గురించి చదువుకుంటున్నాను.”

“సరే, చదువుకోవే” అంది అక్క. నోరు మూసుకుంది కూడా. అయితే కాళ్లు ఆగలేదు. కాళ్లు నడుస్తుంటే ఆ పాట ఎక్కువసేపు లోపల ఉండదు. కాసేపటికి సన్నగా మళ్లీ మొదలైంది. పిల్ల చెవుల్లో వేళ్లు పెట్టుకుని, శ్రామికుని గానము హృదయమును కదిలించినది అని ఇంకా గట్టిగా చదివింది.

గోడ ఇవతల నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది.

తర్వాతి వారం ప్రతీకల మాస్టారు ప్రాజెక్ట్ వర్క్ ఇచ్చారు. ఇంటి చుట్టుపక్కల పని చేస్తూ పాడేవారి పాట ఒకటి సేకరించి, కవితను విశ్లేషించిన పద్ధతిలోనే దాన్నీ విశ్లేషించాలి. మిగతా పిల్లలకు ఎక్కడ వెతకాలో తోచలేదు. ఈ రోజుల్లో పని చేసేవాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లే తప్ప నోట్లో పాటలెక్కడివి? మా పిల్ల మాత్రం లేచి నిలబడి, మా అమ్మ పాడుతుంది సార్ అని చెప్పింది. క్లాసంతా తన వైపు చూసిందట. వీధిలోంచే అరుస్తూ ఇంటికొచ్చింది. మొన్న చెవులు మూసుకున్న పిల్లే తల్లి మెడకు వేలాడి ముద్దులు పెట్టేసింది.

“మా సార్ నీ పాట వినడానికి మనింటికే వస్తారటే అమ్మా.”

“నా పాటేమిటే” అంది అక్క. కానీ ఆ సాయంత్రం జాకెట్టు చేతులు అతికిస్తూ తనలో తను నవ్వుకోవడం నేను చూశాను. అంతకుముందు ఆవిడను ఎవరూ ఏదీ పాడమని అడగలేదు.

మాస్టారు ఆదివారం వచ్చారు. చూసి తరించాల్సిన దృశ్యం అది. పిల్ల సెల్‌ఫోను రికార్డింగ్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. మాస్టారు చెవి ఒగ్గి విన్నారు.

“మిషను చప్పుడు ఎక్కువగా వస్తోందమ్మా. దాన్ని ఆపండి.”

“ఆపితే ఎలాగండీ” అంది అక్క.

“పాట స్పష్టంగా రావాలి కదా.”

మిషను ఆగింది. ఫ్యాన్ ఆపారు. వీధి గోల వినపడకుండా కిటికీ మూశారు. కారుతున్న కుళాయికి బావ గుడ్డ చుట్టాడు. అక్కను మిషను ముందు నుంచి లేపి, వచ్చినవాళ్లకు వేసే మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. నోట్లోంచి గుండుసూదులు తీయించారు. ఆవిడ జుట్టు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. గదిలో గాలి లేదు, చప్పుడు లేదు. అందరం ఆవిడ నోటి వైపే చూస్తున్నాం.

“ఇప్పుడు సహజంగా పాడండమ్మా” అన్నారు మాస్టారు.

అక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచింది. ఈసారి చిన్నప్పుడు బడిలో వల్లె వేసిన ఎక్కాలు వచ్చాయి. పిల్ల తల దించుకుంది. అక్క పాదాలు రెండూ నేల మీద, లేని మిషనును తొక్కడం మొదలుపెట్టాయి. అప్పుడు పాట కాస్త పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ కుర్చీ కిర్రుమంటోందని, పాదాలు కదపకుండా కూర్చోమన్నారు మాస్టారు.

చివరికి ఎలాగో రెండు పంక్తులు చెప్పింది. రైల్వే స్టేషన్‌లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతారే, అలా చెప్పింది.

ఇక విశ్లేషణ. అసలు వేడుక ఇక్కడ!

“గట్టు మీద ఉన్నది ఎవరమ్మా?” అడిగారు మాస్టారు.

“ఎవరోనండి.”

“అదే, ఎవరంటారు?”

“నాకేం తెలుసండీ. పాటలో ఉన్నదీ అదే కదా.”

“తెలియరాని తత్త్వం” అన్నారు మాస్టారు పిల్ల వైపు తిరిగి. “రాసుకో తల్లీ.”

పిల్ల రాసుకుంది. “మృత్యువు అయ్యుంటుందా సార్? పొద్దు వాలుతోంది కదా” అంది. మాస్టారి కళ్లు మెరిశాయి. నేను మాత్రం ఊరుకుంటానా? కాలమిస్టును. గట్టు మీద నిలబడి ఉన్నది చరిత్ర కూడా అయ్యుండవచ్చని నా వంతు నేనూ పడేశాను. మాస్టారు లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. బావ అటూ ఇటూ చూసి, టిక్కెట్ల చెకింగ్ ఇన్‌స్పెక్టరేమో అన్నాడు. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

“మరి రెండో పంక్తి తర్వాత ఆ మౌనం?”

“అక్కడ దారం కొరుకుతానండి” అంది అక్క. “కుట్టు చివరికొస్తుంది కదా. కత్తెర అందదు.”

మాస్టారు జాలిగా నవ్వారు. తన లోతు తనకే తెలియని మనిషిని చూసి నవ్వే నవ్వు అది.

“అది మీరనుకుంటున్నారమ్మా” అన్నారు.

ప్రాజెక్టు అదిరింది. క్లాసులో మొదటి స్థానం వచ్చింది. పైన మాస్టారు ఎర్ర సిరాతో ‘మౌనాన్ని పలికించిన తీరు అపూర్వం’ అని రాశారు. పిల్ల ఆ కాగితాన్ని తెచ్చి మిషను ఎదురుగా గోడకు అంటించింది. అక్క కుడుతున్నంతసేపూ ఎదురుగా ఆ కాగితమే.

ఆ రోజు నుంచి మా అక్క పాడడం మానేసింది.

అదిగో, మీ ముఖాలు అలా పెట్టకండి. నేను చెప్పబోయేది లాభాల గురించి. పాట ఆగాక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో మీకు తెలియదు. కుళాయి కారే ప్రతి బొట్టూ నాకు విడివిడిగా వినపడింది. పక్కింటాయన ఫోనులో తన తమ్ముడి మీద చెప్పే నేరాలన్నీ తెలిశాయి. నా బల్ల కింద చెదపురుగు కొరుకుడు కూడా వినిపించిందంటే నమ్మండి. ఇన్నాళ్లూ ఈ జ్ఞానానికంతటికీ ఆ పాట అడ్డుపడుతూ వచ్చింది కదా!

మా బావ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆగి, “ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?” అని అడిగాడు. బాగానే ఉన్నామన్నాం. ఆయన నమ్మక అందరి నుదుళ్లూ ముట్టుకుని చూశాడు. తర్వాతి రోజూ అదే అడిగాడు.

ఇక అక్క పని. బళ్లు తెరిచే రోజులు. యూనిఫాంలు గుట్టగా పడి ఉన్నాయి. పాట లేకపోతే పని వేగంగా సాగాలి కదా? ఆవిడ ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టింది. ఒక జేబును నాలుగు వైపులా కుట్టి మూసేసింది. ఆ కుర్రవాడు ఇక ఏమీ పారేసుకోడు, అది లాభం కాదా? మధ్యాహ్నానికే నడుం పట్టేసి గోడకు జారగిలబడేది. ఇన్నేళ్లుగా పొద్దుగూకేదాకా తొక్కిన మనిషి.

రేడియో పెట్టి చూసింది. రేడియో పాట ఒకటి పరుగెత్తితే ఇంకొకటి కూలబడుతుంది. ఆవిడ కాళ్లు దేని వెంట పోవాలో తెలియక తడబడితే, సూది విరిగింది. రేడియో కట్టేసింది.

నా కాలమ్‌లు కూడా ఎంతో బాగుపడ్డాయి. ఎడిటరు ఫోను చేసి, ఏమిటి, ఈ మధ్య నువ్వు రాసినవి చదువుతుంటే ప్రభుత్వ ప్రకటన చదివినట్టుంది అన్నాడు. పొగడ్త కింద తీసుకున్నాను. అడ్డుగోడ అవతలి నుంచి వచ్చే ఆ నడకకే ఇన్నాళ్లూ నా వాక్యాలు నడిచాయన్న సంగతి ఆయనకు నేనెందుకు చెబుతాను?

ఒక రోజు వంటింట్లో తల్లీకూతుళ్ల మాటలు నా చెవిన పడ్డాయి.

“అమ్మా, పాడవే.”

“ఇప్పుడెందుకే? ప్రాజెక్టు అయిపోయిందిగా.”

“ప్రాజెక్టుకు కాదే. ఊరికే.”

గిన్నె మీద మూత సర్దిన చప్పుడు వినపడింది.

“ఊరికే ఎలా పాడాలో మర్చిపోయానే” అంది. “నోరు తెరవబోతే, గట్టు మీద ఎవరని అడుగుతారేమోనని ముందు అదే గుర్తొస్తోంది. దారం కొరుకుతుంటే కూడా, దీనికేం అర్థం చెబుతారోననిపిస్తోంది.”

పిల్ల ఏడ్చింది. తల్లే ఓదార్చింది. “దానికి నువ్వేం చేస్తావే, పరీక్షలు చూసుకో” అంది.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ పాట అక్కది కాదు. మా అమ్మది. మా అమ్మ పరాయి పొలాల్లో కోతకు వెళ్లేది. ఆ పాట కొడవలి కదలికకు పుట్టింది. అమ్మ పోయాక ఆవిడ ఫొటో కూడా మా దగ్గర లేదు. అక్క కాళ్ల కింద ఆ రెండు పంక్తులు మాత్రం మిగిలాయి. గోడ ఇవతల కూర్చుని ఇన్నేళ్లూ నేను విన్నది ఎవరి గొంతో నాకు తెలుసు. అందువల్ల ఆ మౌనం నాకు కొంచెం కష్టంగా ఉందని ఒప్పుకుంటాను. కానీ వ్యక్తిగతమైన బాధలను సిద్ధాంతానికి అడ్డు రానివ్వకూడదు. విశ్లేషణ గొప్పదే.

పరీక్ష రోజు వచ్చింది. కవిత మీద పెద్ద ప్రశ్న పడింది. పిల్ల బాగా రాసిందట. ఇంటికొచ్చి హాల్‌టికెట్ మూలకు పారేసి, తల్లి ఎదురుగా ఉన్న గోడ మీది కాగితాన్ని చింపకుండా నెమ్మదిగా ఊడదీసింది. మడిచి పుస్తకంలో పెట్టేసింది. చొక్కాల గుట్ట పక్కన కూలబడి, సూదికి దారం ఎక్కించి, గుండీలు కుట్టడం మొదలుపెట్టింది.

కాసేపటికి గోడ ఇవతల నాకు పాట వినపడింది. కలం ఆగిపోయింది. కానీ ఆ గొంతు అక్కది కాదు, పిల్లది. ఎంత ఘోరంగా పాడుతోందనుకున్నారు! పొద్దు వాలడానికే ఒక పూట పట్టేలా సాగదీస్తోంది. గట్టు దగ్గరికొచ్చేసరికి ఊపిరి అందక ఆగుతోంది. మిషను ముందుకు పోతుంటే పాట వెనక్కి లాగుతోంది.

“అలా సాగదీయకే” అంది అక్క గొంతు.

పిల్ల ఇంకా సాగదీసింది. నిజంగా రాకే పాడిందో, కావాలనే అలా పాడిందో నాకు తెలియదు. అడగలేదు, అడగను కూడా.

“అబ్బ, ఆపవే. కుట్టు వంకర పోతోంది. నీ పాటకు కాళ్లు తడబడుతున్నాయి.”

“మరెలా పాడాలి?”

“ఎలా అంటే ఏం చెప్పను? కాళ్లకు సరిపడా పాడాలి. ఇలా చూడు.”

మిషను ఒక్క క్షణం ఆగింది. తర్వాత కదిలింది. చక్రం వేగం అందుకుంది. ఆ వేగం మీదికి ఎక్కి, సగం అక్షరాలు గుండుసూదుల మధ్య ఇరుక్కుని, మా అమ్మ పాట వచ్చింది. రెండో పంక్తి అయింది. దారం కొరికిన చిన్న చప్పుడు. మళ్లీ మొదలు.

తలుపు దాకా వెళ్లాను. తలుపు చేరవేసి ఉంది, ఒక్క వేలితో నెడితే తెరుచుకునేది. తెరిస్తే ఇద్దరినీ చూడవచ్చు. తెరవలేదు. తలుపుకు ఇవతలే నిలబడ్డాను. ఆ కవిని చవట అన్నది ఈ నోటితోనే కదా. ఆ మాటను సందర్భం నుంచి విడదీసి చూడకూడదని మనవి.

సరిగ్గా అప్పుడే వీధి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ప్రతీకల మాస్టారు! చంకలో ఫైలు, చేతిలో ఈసారి పెద్ద రికార్డర్. తర్వాత తెలిసింది, ఏదో సెమినార్ ఉందట. మా అక్క పాట మిగతా చరణాలు కూడా కావాలట. నేను పెరటి దారిన చుట్టూ తిరిగి పరుగెత్తుకెళ్లి మెట్లకు అడ్డం నిలబడ్డాను.

“ఇంట్లో ఎవరూ లేరు మాస్టారూ.”

“మరి ఆ పాట?”

“అది మౌనానికి ప్రతీకండి” అన్నాను.

ఆయన నా వైపు అనుమానంగా చూశారు. ఏదో అనబోయారు. అప్పుడు కిటికీలోంచి మిషను చప్పుడూ పాటా కలిసి వచ్చాయి. మాస్టారి నోరు అలాగే ఉండిపోయింది. ఆ పాటను ఆయన అంతకుముందు విననేలేదని నాకు అప్పుడు తట్టింది. ఆయన విన్నది రైల్వే ప్రకటన.

ఫైలు చంకలోంచి జారి మెట్టు మీద పడింది. ఆయన తీసుకోలేదు. రికార్డరు బటను మీద బొటనవేలు ఉంది. నొక్కలేదు. కుడి పాదం మాత్రం, ఆయనకు తెలియకుండానే, చెప్పులోంచి బయటికొచ్చి నెమ్మదిగా మెట్టును తొక్కుతోంది. ఎదురుగా రోడ్డు మీద ఆయన తిరిగి వెళ్లాల్సిన బస్సు వచ్చి ఆగింది. అందులో కండక్టరు మా బావే. ఇంటి వైపు చెవి పెట్టి విన్నాడు. మాస్టారిని చూశాడు, నన్ను చూశాడు. నవ్వి, రైట్ కొట్టి బస్సు తీసుకుపోయాడు.

చూశారా, మొదటే చెప్పాను. పాట వినడం వల్ల బస్సులు తప్పిపోతాయి. నా సిద్ధాంతం అక్షరాలా రుజువైంది.

పని మానుకుని, లోపల పని చేసేవాళ్ల పాట వింటూ, మెట్టు మీద మేమిద్దరం అలా నిలబడి ఉండగా, లోపల పాట తిరిగి మొదటికొచ్చింది. గట్టు మీద ఎవరే అని అడిగింది అక్క గొంతు. మాస్టారు నా వైపు చూశారు. నేను మాస్టారి వైపు చూశాను. మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది, గట్టు మీద నిలబడి ఉన్నది ఎవరో.

ఎవరో ఎవరో నాకేం తెలుసు అంది లోపలి నుంచి పాట. తర్వాత దారం కొరికిన చప్పుడు వినపడింది.